చమురు తెట్టుపై విమానం చల్లే మందు

2025 మే 25న కోచి తీరానికి దూరంగా ఎం.ఎస్.సి. ఎల్సా-3 అనే కంటైనర్ ఓడ మునిగిపోయింది. సిబ్బంది 24 మందీ ప్రాణాలతో బయటపడ్డారు, అల్‌హమ్‌దులిల్లాహ్. అయితే ఓడ ట్యాంకుల్లో 367 టన్నుల ఫర్నేస్ ఆయిలు, 84 టన్నుల డీజిలు ఉన్నాయి. కోస్ట్ గార్డ్ వారి డోర్నియర్ విమానం ఆ నీళ్ల మీద మందు చల్లుతోందని ఆ వారంలో వార్తలు వచ్చాయి. ఇషా నమాజు తర్వాత మా మసీదు వరండాలో ఆ మాట వచ్చింది. "మందు పడితే నూనె కరిగి మాయమైపోతుందట" అని ఒక పెద్దాయన అన్నారు. "మాయమా, పాడా! విషం మీద విషం పోస్తున్నారు భాయ్" అని ఇంకొకరు అన్నారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది, కొంత పొరపాటు ఉంది. సముద్రం ఒడ్డున బతికే వాళ్లం, గల్ఫ్‌లో పిల్లలున్న వాళ్లం కాబట్టి ఈ విషయం కాస్త వివరంగా తెలుసుకోవడం మనకు అవసరమే.

వలీమా అయ్యాక బిర్యానీ డేగిసా కడిగే మనిషిని ఒకసారి గమనించండి. వట్టి నీళ్లు పోస్తే నూనె పైకి తేలి అంచులకు అంటుకుంటుంది. సబ్బు వేసి పీచుతో కలియతిప్పితే నీళ్లు చిక్కబడి, జిడ్డు ఆ నీళ్లతో పాటే కాలువలోకి పోతుంది. డేగిసా మాత్రం తళతళలాడుతుంది. జిడ్డు నాశనమైందా అంటే లేదు. సన్నని తుంపరలుగా విడిపోయి నీళ్లలో కలిసింది. విమానం చల్లే మందు చేసే పనీ ఇదే. దాన్ని డిస్పర్సెంట్ అంటారు, అంటే చెదరగొట్టేది. అందులో సబ్బు జాతికి చెందిన రసాయనాలు, వాటిని నూనెలోకి దించే ఒక ద్రావకం ఉంటాయి. సబ్బు అణువుకు రెండు కొసలు. ఒకటి నీటిని పట్టుకుంటుంది, రెండోది నూనెను పట్టుకుంటుంది. నూనెకూ నీటికీ మధ్య ఉన్న బిగువు దానితో సడలుతుంది. అప్పుడు అల వచ్చి కొడితే తెట్టు చిట్లి, మిల్లీమీటరులో పదో వంతు కూడా లేని బిందువులుగా మారుతుంది. అంత చిన్న బిందువు మళ్లీ పైకి తేలదు. నీటిలోనే ఉండి అన్ని వైపులా పలచబడుతూ పోతుంది.

దీనివల్ల లాభం ఏమిటి? సముద్రంలో నూనెను తిని బతికే సూక్ష్మజీవులను అల్లాహ్ ముందే సృష్టించి ఉంచాడు. అవి నూనె, నీరు కలిసే హద్దు దగ్గరే పనిచేయగలవు. లీటరు నూనె మిల్లీమీటరులో పదో వంతు మందాన తెట్టుగా పరుచుకుంటే, దాని అడుగున నీటిని తాకే చోటు పది చదరపు మీటర్లు. అదే లీటరును 0.05 మిల్లీమీటర్ల బిందువులుగా విడగొడితే ఆ హద్దు నూట ఇరవై చదరపు మీటర్లు అవుతుంది. అదే దస్తర్‌ఖాన్‌ను పన్నెండు రెట్లు పెద్దదిగా పరిచినట్టు. పైన తెట్టు లేకపోతే పక్షుల రెక్కలకు అంటుకునేదీ, గాలికి ఒడ్డుకు కొట్టుకొచ్చేదీ తగ్గుతుంది.

ఇక చల్లే పని. మన రైతులు ఆకుల మీద మందు కొట్టేటప్పుడు పొగమంచులా సన్నగా పడాలని చూస్తారు. సముద్రం మీద అలా పనికిరాదు. సన్నని తుంపర గాలికి ఎటో కొట్టుకుపోతుంది. మరీ పెద్ద చుక్కలైతే పలచని తెట్టును చీల్చుకుని కింది నీళ్లలో పడి వృథా అవుతాయి. అందుకే చుక్క సుమారు అర మిల్లీమీటరు ఉండేలా నాజిళ్లు అమరుస్తారు. విమానం నీటికి 15 నుంచి 30 మీటర్ల ఎత్తులోనే ఎగరాలి. ముప్పై మీటర్లంటే పదంతస్తుల మేడ ఎత్తు. కింద అలలు ఎగసిపడుతుంటే ఆ ఎత్తులో గంటకు 250 కిలోమీటర్ల వేగంతో పోవడం పైలట్లకు ఆట కాదు.

ఎంత చల్లాలన్నదానికి ఒక మోటు లెక్క ఉంది. ఇరవై పాళ్ల నూనెకు ఒక పాలు మందు. తెట్టు మందం మిల్లీమీటరులో పదో వంతు అనుకుంటే ఎకరానికి సుమారు 400 లీటర్ల నూనె ఉంటుంది, దానికి 20 లీటర్ల మందు కావాలి. రైతు భుజాన వేసుకునే పదహారు లీటర్ల స్ప్రేయరుతో ఒకటింపావు ట్యాంకు. ముప్పై మీటర్ల వెడల్పు పట్టీ మీద పైన చెప్పిన వేగంతో విమానం వెళ్తుంటే నిమిషానికి 600 లీటర్లకు పైగా కిందకు వదలాలి. హెర్క్యులిస్ విమానం కడుపులోకి తోసే పెద్ద ట్యాంకులో 19 వేల లీటర్ల దాకా పడుతుంది. లెక్క ప్రకారం అది 950 ఎకరాలకు సరి. ఆస్ట్రేలియాలో పొలాలకు మందు కొట్టే ఎయిర్ ట్రాక్టర్ విమానాలనే ఈ పనికి సిద్ధంగా ఉంచుతారు. వాటిలో పట్టేది మూడు వేల లీటర్లు.

లెక్క కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ తెట్టు అంతటా ఒకే మందాన ఉండదు. నూనెలో ఎక్కువ భాగం కొద్దిపాటి చోట్ల చిక్కగా ఉంటుంది. మిగిలినదంతా ఇంద్రధనుస్సు రంగుల్లో మెరిసే పలచని పొర. ఆ పొర మీద చల్లిన మందు దండగ. కిందుగా ఎగిరే పైలట్‌కు ఏది చిక్కటిదో, ఏది పలచనిదో తెలియదు. కాబట్టి ఇంకో చిన్న విమానం పైన తిరుగుతూ "ఇప్పుడు విప్పు, ఇప్పుడు ఆపు" అని రేడియోలో చెబుతూ ఉంటుంది. మందు పనిచేసిందో లేదో కూడా పైనుంచే తెలుస్తుంది. నీటిలో కాఫీ రంగు మబ్బులాంటిది వ్యాపిస్తే పనిచేసినట్టు. పాలలా తెల్లగా వ్యాపిస్తే మందు నూనెకు పట్టక నీళ్లలో కలిసిపోయినట్టు. అందుకే ముందు కొద్దిగా చల్లి చూస్తారు. ఆ తర్వాతే పెద్ద ఎత్తున మొదలుపెడతారు.

అన్నిటికంటే గట్టి శత్రువు కాలం. నీటిలో పడ్డ ముడిచమురులోని తేలిక భాగం కొన్ని గంటల్లోనే ఆవిరవుతుంది. మిగిలింది అలల చిలుకుడుకు నీటిని తనలోకి పీల్చుకుని, ముదురు గోధుమ రంగు ముద్దగా గట్టిపడుతుంది. ఆ స్థితికి వచ్చాక మందు దాని మీద నుంచి జారిపోతుంది. సాధారణంగా చేతిలో ఉండేది ఒకటి రెండు రోజులు, మహా అయితే మూడు. ఓడలు వాడే ఫర్నేస్ ఆయిలు మొదటి నుంచే జిగురు కాబట్టి దానికి ఆ గడువు కూడా దక్కకపోవచ్చు. 2017 జనవరి 28న చెన్నై పక్కన ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొన్నప్పుడు తీరానికి వచ్చింది ఇలాంటి నూనే. చివరికి మనుషులు రాళ్ల మధ్య నిలబడి బకెట్లతో ఎత్తిపోయవలసి వచ్చింది.

మిల్‌ఫర్డ్ హేవెన్‌కు వెళ్లిన రెండు ఓడలు

ఈ మందుకు చెడ్డపేరు ఎలా వచ్చిందో, మంచిపేరు ఎలా వచ్చిందో చెప్పడానికి రెండు ఓడల కథ చాలు. రెండూ బ్రిటన్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ రేవుకు బయలుదేరినవే.

మొదటిది టోరీ కాన్యన్. మన వాళ్లు ఎందరో పనిచేసే కువైట్‌లో, మీనా అల్ అహ్మదీ రేవులో ముడిచమురు నింపుకుని వచ్చింది. 1967 మార్చి 18న ఇంగ్లండ్ నైరుతి కొసన రాతి గుట్టకు కొట్టుకుంది. సుమారు 1,19,000 టన్నుల చమురు. విమానాలు వచ్చాయి గానీ మందు చల్లడానికి కాదు, మిగిలిన చమురును తగలబెట్టాలని ఓడ మీద బాంబులు వేయడానికి. మందును పడవల నుంచి, ఒడ్డు మీద సైనికుల చేత పోయించారు. దాదాపు పది వేల టన్నులు. అది నేటి మందు కాదు, యంత్రాల జిడ్డు కడగడానికి కర్మాగారాల్లో వాడే ఘాటైన ద్రావకం. రాళ్లకు అంటుకుని బతికే నత్తగుల్లలు నూనె కంటే ఆ మందుకే ఎక్కువగా చచ్చాయి. గుల్లలు పోయాక వాటికి మేత అయిన నాచు రాళ్లన్నిటినీ కమ్మేసింది. మందు పోయని రాళ్లు రెండు మూడేళ్లలో కోలుకున్నాయి. మందుతో శుభ్రంగా కడిగిన రాళ్లకు పదేళ్లకు పైగా పట్టింది. మా వరండాలో "విషం మీద విషం" అన్న సోదరుడు ఆ రోజుల్లో ఉంటే ఆయన మాట అక్షరాలా నిజమయ్యేది.

రెండోది సీ ఎంప్రెస్. 1996 ఫిబ్రవరి 15న సరిగ్గా మిల్‌ఫర్డ్ హేవెన్ రేవు ముఖద్వారంలోనే రాళ్లకు తగిలింది. కొన్ని రోజుల్లో 72,000 టన్నుల ముడిచమురు కారింది. ఈ ముప్పై ఏళ్లలో మందు మారింది, విషగుణం చాలా తగ్గింది. చల్లే పద్ధతీ మారింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి డకోటా విమానాలు తెట్టు వెంట తిరుగుతూ 446 టన్నుల మందు చల్లాయి. అదృష్టవశాత్తు అది తేలిక రకం చమురు, గాలి చాలా రోజులు సముద్రం వైపు వీచింది, అలలు కావలసినంత ఉన్నాయి. తర్వాత ప్రభుత్వ కమిటీ లెక్క తీసింది. సుమారు 40 శాతం ఆవిరయ్యింది. సగానికి పైగా నీటిలో చెదిరిపోయింది. ఒడ్డుకు చేరింది 5 నుంచి 7 శాతం. పడవలు, యంత్రాలతో సముద్రం మీద నుంచి ఎత్తగలిగింది అతి స్వల్పం. చెదిరినదంతా మందు మహిమేనని చెప్పలేం, అలలు వాటంతట అవే కొంత చెదరగొడతాయి. అయినా విమానాల మందు బాగా పనిచేసిన ఉదంతంగా ఈనాటికీ దీన్నే చూపిస్తారు.

కానీ ఆ తీరంలో చేపల వేట నిలిచిపోయింది. నిషేధాన్ని విడతలవారీగా ఎత్తివేశారు. కొన్ని రకాల గుల్లలకు అది ఏడాదికి పైగా సాగింది. బీచ్‌ను కాపాడిన మందు నూనెను గుల్లలు బతికే నీటిలోకే దించింది మరి.

ఫిఖ్హ్ పాఠాల్లో మన ఉలమా ఒక సూత్రం చెబుతారు. రెండు కీడులు ఎదురై రెండూ తప్పించుకోలేనివైతే, చిన్న కీడును భరించి పెద్దదాన్ని తప్పించుకోవాలి. చమురు నిపుణులు ధర్మశాస్త్రం చదివి ఉండరు గానీ చేసే లెక్క మాత్రం ఇదే. ఆ లెక్క ఎంత కష్టమో 1984లో పనామా దేశంలో చేసిన ఒక ప్రయోగం చూపిస్తుంది. మడ అడవి, దాని ముందు సముద్రపు గడ్డి, ఆపైన పగడపు దిబ్బ ఉన్న తీరం ఎంచుకున్నారు. ఒక ముక్కలో వట్టి చమురు వదిలారు. ఇంకో ముక్కలో మందు కలిపిన చమురు వదిలారు. మూడోదాన్ని పోలిక కోసం అలాగే ఉంచారు. వట్టి చమురు పగడాల మీదుగా తేలుతూ పోయి మడ చెట్ల శ్వాస వేర్లను కమ్మేసింది, చెట్లు చచ్చాయి. మందు కలిపిన చమురు మడ చెట్లను పెద్దగా బాధించలేదు గానీ పగడాలను, గడ్డిని, సముద్రపు ముళ్లజీవులను గట్టిగా దెబ్బతీసింది. పదేళ్ల తర్వాత వెళ్లి చూస్తే పగడాలు కోలుకున్నాయి. చచ్చిన మడ అడవిలో నష్టం ఇంకా కనబడుతూనే ఉంది.

కాకినాడ దగ్గర కోరింగ మడ అడవి చూసిన వాళ్లకు ఈ ప్రయోగం అర్థం ఇట్టే తెలుస్తుంది. ఆ తీరానికి ఎదురుగా కృష్ణా–గోదావరి బేసిన్ లోతు సముద్రంలో 2024 జనవరి నుంచి ఓ.ఎన్.జి.సి. ముడిచమురు తీస్తోంది. ఎప్పుడైనా, అల్లాహ్ కాపాడుగాక, అక్కడ చమురు కారితే లోతు నీళ్లలో ఉండగానే మందు చల్లడం కోరింగకు మేలు. అదే తెట్టు మడ అడవి అంచుల్లోని లోతులేని నీళ్ల దాకా వచ్చాక చల్లితే, పీతలు, రొయ్య పిల్లలు పెరిగే నీళ్లలోనే నూనె కలిపినట్టు. బ్రిటన్‌లో ఇరవై మీటర్ల కంటే తక్కువ లోతున్న నీళ్లలో, ఆ హద్దుకు ఒక నాటికల్ మైలు లోపల, ప్రత్యేక అనుమతి లేకుండా చల్లకూడదన్న నియమం అందుకే పెట్టుకున్నారు. లోతుగా ఉంటేనే నూనె పలచబడడానికి నీరు చాలుతుంది.

నా మటుకు నాకు ఆ సూత్రంలో బరువైన ప్రశ్న ఇంకోటి ఉంది. చిన్న కీడు అంటున్నాం సరే, అది ఎవరికి? ఒడ్డున హోటళ్లున్న వాళ్లకు బీచ్ శుభ్రంగా ఉంటే చాలు. వల వేసే వాడికి నీళ్లు శుభ్రంగా ఉండాలి. మందు చల్లాలన్న నిర్ణయం ఒకరిది, ఆరు నెలలు వేట లేక పస్తులుండేది ఇంకొకరు. చిన్న కీడును తలకెత్తుకున్న వాడికి పరిహారం ఎవరిస్తారన్నది కూడా అదే కాగితం మీద ఉండాలి.

తాగునీరు సముద్రం నుంచే వస్తే

గల్ఫ్ దేశాల్లో ఈ లెక్క తలకిందులవుతుంది. అక్కడ తాగే నీరు, వుజూ చేసే నీరు చాలావరకు సముద్రపు నీటిని శుద్ధి చేసినదే. రియాద్‌కు జుబైల్ కర్మాగారం నుంచి, మక్కాకూ జిద్దాకూ ఎర్ర సముద్రం ఒడ్డున ఉన్న షుఐబా నుంచి నీళ్లు వెళ్తాయి. హజ్‌కు, ఉమ్రాకు వెళ్లివచ్చిన వాళ్లందరూ ఆ నీళ్లు వాడినవాళ్లే.

ఈ కర్మాగారాలు సముద్రపు నీటిని పైపొర కింద నుంచి తోడుకుంటాయి. పైన తేలే నూనెను బూమ్ అనే తేలే కంచెతో చాలావరకు ఆపవచ్చు. 1991లో గల్ఫ్ యుద్ధ సమయంలో కువైట్ నుంచి సముద్రంలోకి వదిలిన చమురు సౌదీ తీరం వెంట దిగివస్తుంటే, జుబైల్ కర్మాగారాన్ని ఇలాంటి కంచెలతోనే కాపాడుకున్నారు. అదే నూనెను మందుతో చెదరగొట్టి ఉంటే? కంచె పైపొరను మాత్రమే ఆపుతుంది. బిందువులుగా మారిన నూనె దాని కిందుగా దూరి తోడే గొట్టాల్లోకి పోతుంది. పైగా ఆ సముద్రం సగటు లోతు ముప్పై అయిదు మీటర్ల ప్రాంతమే, పలచబడే వీలూ తక్కువ. కాబట్టి కోట్ల గొంతులు ఆధారపడ్డ నీటి గొట్టం ముందు, చూడడానికి అసహ్యంగా తేలుతున్న నూనే నయం.

యెమెన్ తీరంలో ఏళ్ల తరబడి తుప్పుపడుతూ నిలిచిన సాఫర్ అనే నిల్వ ఓడ గురించి ప్రపంచం అంతగా భయపడడానికి ఇదీ ఒక కారణం. అందులో 11 లక్షల బ్యారెళ్లకు పైగా చమురు ఉండేది. అది పగిలాక చల్లే మందు కోసం వెతుక్కునే బదులు, 2023 జూలై, ఆగస్టు నెలల్లో ఐక్యరాజ్య సమితి ఆ చమురునంతా వేరే ఓడలోకి తోడించింది. ఏ విమానమూ అంత మేలు చేయలేదు.

విమానం సమయానికి దగ్గర్లో లేకపోతే ఏమవుతుందో కరాచీ చూసింది. 2003 జూలై 27న తాస్మాన్ స్పిరిట్ అనే ట్యాంకరు ఇరాన్ ముడిచమురుతో ఆ రేవు ముఖంలో ఇసుకలో కూరుకుపోయింది. ఆగస్టులో విరిగింది. సుమారు 30,000 టన్నులు సముద్రం పాలు. మందు చల్లే హెర్క్యులిస్ విమానం సింగపూర్ నుంచి రావలసి వచ్చింది. అది వచ్చి చల్లింది, వర్షాకాలపు అలలూ తమ పని తాము చేశాయి. అయినా క్లిఫ్టన్ బీచ్ నల్లబడింది, చమురు వాసన ఊళ్లోకి వచ్చింది.

ఇక మందు ఎక్కువైతే ఏమిటన్నదానికి 2010లో అమెరికా గల్ఫ్ ఆఫ్ మెక్సికో ఉదాహరణ. ఏప్రిల్ 20న డీప్‌వాటర్ హొరైజన్ బావి పేలి 11 మంది చనిపోయారు. బావి 87 రోజులు కారింది. విమానాలు, పడవలు పైనుంచి చల్లింది 40 లక్షల లీటర్లు. సుమారు 1,500 మీటర్ల లోతున బావి మూతి దగ్గరే కలిపింది ఇంకో 29 లక్షల లీటర్లు. మే నెలలోనే పర్యావరణ సంస్థ వాడకం తగ్గించమని ఆదేశించవలసి వచ్చింది. ఆ మందుకు దగ్గరగా పనిచేసిన వాళ్లలో దగ్గు, కళ్ల మంట, చర్మం దురద ఎక్కువగా కనబడినట్టు తర్వాతి అధ్యయనాలు చెప్పాయి. గుల్లలకు విషం తగ్గించిన మందు మనిషి ఊపిరితిత్తులకూ మంచిదేనని అనుకోకూడదు.

మన దేశంలో సముద్రంలో చమురు కారితే ముందుండి నడిపించేది కోస్ట్ గార్డ్. 1996 నుంచి దీనికి ఒక జాతీయ ప్రణాళిక ఉంది. డోర్నియర్ విమానాలకూ, చేతక్ హెలికాప్టర్లకూ మందు చల్లే అమరికలున్నాయి. కాలుష్యాన్ని ఎత్తడానికే కట్టిన సముద్ర పహరేదార్ ఓడ విశాఖపట్నంలో ఉంటుంది. ఏ మందు వాడవచ్చో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పరీక్షిస్తుంది.

మన సొసైటీ యువకులు వరదలప్పుడు, తుఫానులప్పుడు అందరికంటే ముందు వెళ్తారు. రేపు తీరంలో నూనె కనబడినా అలాగే పరుగెత్తుతారని తెలుసు. అందుకే ఒక మాట. ముందు కోస్ట్ గార్డ్ 1554 నంబరుకు ఫోన్ చేయండి. నూనె వాసన ఘాటుగా ఉన్నంతసేపు, గాలి మీ వెనుక నుంచి నూనె వైపు వీచేలా, దూరంగా నిలబడండి. అధికారులు పిలిచాక రబ్బరు తొడుగులు, బూట్లు వేసుకుని పారతో, బకెట్‌తో ఎత్తండి. ఎత్తిన నూనెను ఇసుకలో పాతిపెట్టకండి, వాళ్లు చూపిన డ్రమ్ములోనే పోయండి. సబ్బు పొడి, ఫినాయిలు, డీజిలు తెచ్చి రాళ్లు కడగకండి. 1967లో ఇంగ్లండ్ సైనికులు చేసింది అదే.